పూస మెరవాలంటే.. పదును తెలియాలి!

* ముద్ద నుంచి మెరుగు దాకా ఏడు దశలు
* ఇంటి వద్దే పాలిమర్ పూసల తయారీ
* పెట్టుబడికి ముందే లెక్క చూసుకోవడం ఆవశ్యకం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ: పెళ్లినాడు మంగళసూత్రంతో పాటు నల్లపూసలు ధరించడం మన ఆచారం. చాలాకాలం కంటపడని వారిని ‘నల్లపూసై పోయారు’ అంటాం. జరిగినదాన్ని వరుస తప్పకుండా వివరిస్తే ‘పూసగుచ్చినట్లు చెప్పారు’ అని మెచ్చుకుంటాం. బతుకులోనూ, పలుకుబడిలోనూ ఇంతగా పెనవేసుకున్న పూస ఇప్పుడు మరో రూపం దాల్చింది. రాయి, గాజు, మట్టి, లక్క పూసల సరసన ‘పాలిమర్ క్లే’ పూస చేరింది. కొలిమి అక్కర్లేదు, చక్రం అక్కర్లేదు. రెండు చేతులు, ఒక చిన్న విద్యుత్ ఒవెన్, కొన్ని గరుకు కాగితాలు ఉంటే ఇంటి వద్దే తయారు చేయవచ్చు. చీర రంగుకు సరిపోయే దండలు, కమ్మలు, గాజులు దీంతో రూపుదిద్దుకుంటాయి.

సాగర్ ఎడమ కాలువ కింద నాట్లకూ కోతలకూ మధ్య దొరికే ఖాళీ రోజుల్లో నాలుగు రూపాయలు సంపాదించుకోవాలనుకునే మహిళలకు ఇది ఆకర్షణీయంగా కనిపించడం సహజమే. అయితే సెల్‌ఫోన్‌లో రెండు నిమిషాల దృశ్యం చూసి సరుకు కొనేస్తే నష్టపోయే ప్రమాదం ఉంది. పూస చేయడం తేలికే. అద్దంలా మెరిసే పూస చేయడం, దాన్ని గిట్టుబాటు ధరకు అమ్మడం మాత్రం అంత తేలిక కాదు. ఈ నేపథ్యంలో అసలు పాలిమర్ క్లే అంటే ఏమిటి, పూస ఎలా తయారవుతుంది, జాగ్రత్తలేమిటి, లెక్క ఎలా వేసుకోవాలి అన్న విషయాలపై కథనం.

మనకు కొత్త కాదు

పూసలతో ఈ నేలకున్న అనుబంధం నిన్న మొన్నటిది కాదు. సూర్యాపేట జిల్లా నాగారం మండలం ఫణిగిరి బౌద్ధక్షేత్రంలో 2024 మార్చి చివరి వారంలో వారసత్వ శాఖ జరిపిన తవ్వకాల్లో ఒక మట్టి కుండ బయటపడింది. అందులో ఇక్ష్వాకుల కాలానికి చెందిన 3,730 సీసపు నాణేలు లభించాయి. నాణేల వార్తకు వచ్చినంత ప్రచారం రాలేదు గానీ అదే తవ్వకాల్లో రాతి పూసలు, గాజు పూసలు, శంఖు గాజుల ముక్కలు కూడా దొరికాయి. అంటే దాదాపు 1,700 ఏళ్ల క్రితమే ఈ కొండ మీద పూసలు వాడుకలో ఉన్నాయన్నమాట. నేటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్‌లో 1940 దశకం ఆరంభంలో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ జరిపిన తవ్వకాల్లోనూ శాతవాహనుల నాటి పూసలు పెద్దసంఖ్యలో వెలుగుచూశాయి.

తెలుగు నేలపై ఈ విద్య పూర్తిగా అంతరించలేదు. తిరుపతి జిల్లా ఏర్పేడు మండలం పాపానాయుడుపేట, కరిగిన గాజును సన్నని గొట్టంలా సాగదీసి ముక్కలు చేసే పూసల తయారీకి పేరుగాంచింది. ప్రాచీన కాలంలో సముద్రాలు దాటి ఎగుమతి అయిన భారతీయ గాజు పూసల తయారీ పద్ధతికి ఇది దగ్గరగా ఉందని పరిశోధకులు గుర్తించారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఊరూరా తిరిగి పూసలు, పిన్నులు, దువ్వెనలు అమ్మిన పూసలవారు మన పల్లెలకు చిరపరిచితులే. తండాల్లో లంబాడీ మహిళల దుస్తులకు అద్దాలతో పాటు పూసలే అందం.

పేరుకే మట్టి

పాలిమర్ క్లే పేరులో మట్టి ఉంది గానీ పదార్థంలో మట్టి లేనట్టే. కుమ్మరి వాడే బంకమన్నుకూ దీనికీ పోలిక లేదు. నీటి గొట్టాల తయారీకి వాడే పీవీసీ రకం ప్లాస్టిక్ పొడి, దాన్ని మెత్తగా ఉంచే నూనెవంటి రసాయనం, రంగులు కలిపిన ముద్ద ఇది. గాలికి ఆరదు. వేడి తగిలినప్పుడు పీవీసీ రేణువులు ఆ నూనెను పీల్చుకుని ఒకదానితో ఒకటి అతుక్కుని గట్టిపడతాయి. మట్టి పూస గట్టిపడాలంటే ఆవంలో 600 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడి కావాలి. పాలిమర్ పూసకు 110 నుంచి 135 డిగ్రీలు చాలు. ఇంటి ఒవెన్‌లో సాధ్యపడటానికి ఇదే కారణం.

దీని పుట్టుక జర్మనీలో. ప్రసిద్ధ బొమ్మల తయారీదారు కేథె క్రూజె ఇంట ఈ ముద్దతో ప్రయోగాలు మొదలయ్యాయి. ఆమె కుమార్తె ‘ఫిఫి’ దీన్ని పిల్లల హస్తకళకు అనువుగా మలిచారు. 1964లో ఎబర్‌హార్డ్ ఫేబర్ సంస్థ ఈ తయారీ హక్కులు పొందింది. తర్వాత అది ‘ఫిమో’ పేరుతో ప్రపంచమంతటా వ్యాపించింది. 1960 దశకంలోనే అమెరికాలో ‘స్కల్పీ’ అనే రకం వచ్చింది. ఈ రెండూ ఇప్పుడు మన దేశంలోనూ నగరాల్లోని హస్తకళా సామగ్రి దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో లభిస్తున్నాయి.

కొనేటప్పుడు ఒక విషయం తప్పనిసరిగా గమనించాలి. గాలికి ఆరే ముద్ద, పిల్లలు ఆడుకునే మైనం ముద్ద, పాలిమర్ క్లే మూడూ వేర్వేరు. గాలికి ఆరే రకం నీరు తగిలితే మెత్తబడుతుంది, మెరుగుకు నిలవదు. ప్యాకెట్‌పై ఎన్ని డిగ్రీల వద్ద ఎంతసేపు కాల్చాలో ముద్రించి ఉంటేనే అది పాలిమర్ క్లే అని గుర్తించాలి.

మొదటి దశ: పదును

రైతుకు దుక్కి పదును ఎలాంటిదో పూసకు ముద్ద పదును అలాంటిది. ప్యాకెట్‌లోంచి తీసిన ముద్ద గట్టిగా, పెళుసుగా ఉంటుంది. నలపకుండా నేరుగా పూస చుడితే లోపల పగుళ్లు మిగిలిపోతాయి. చిన్న ముక్కలుగా కోసి, అరచేతుల వేడితో పది నిమిషాల పాటు చపాతీ పిండిలా మర్దన చేయాలి. సాగదీసి మడిచినప్పుడు మడత వద్ద చిట్లకుండా ఉంటే పదును వచ్చినట్లు. ముద్దను పదేపదే పలుచగా వత్తి మడిచేటప్పుడు గాలి బుడగలు చిక్కుకోకుండా మడత వైపు నుంచి వత్తాలి. ఇందుకు వాడే పీట, కర్ర, కత్తి మళ్లీ వంటకు వాడరాదు.

దుమ్ము ఈ పనికి పెద్ద శత్రువు. తెలుపు, పసుపు వంటి లేత రంగులు గాలిలోని నూలుపోగును సైతం పట్టుకుంటాయి. అందుకే లేత రంగుల పని ముందుగా, ముదురు రంగుల పని తర్వాత చేయాలి. రంగు మారిన ప్రతిసారీ తడిగుడ్డతో చేతులు తుడుచుకోవాలి. ఫ్యాను కింద, గాలి వీచే వాకిట్లో కూర్చుని చేస్తే పూసపై నలుసులు తప్పవు.

రెండో దశ: సమానమైన గుండ్లు

దండలో పూసలన్నీ ఒకే కొలతలో ఉండాలి. కంటి అంచనాతో తుంచితే సమానంగా రావు. ముద్దకు రెండు పక్కలా ఒకే మందం గల పట్టీలు పెట్టి, వాటిపై కర్ర నడిపి పలకలా వత్తాలి. దాన్ని ఒకే మూతతో బిళ్లలుగా కోయాలి. ప్రతి బిళ్లనూ ముందు వేళ్లతో ముద్దగా నొక్కి, తర్వాత రెండు అరచేతుల మధ్య లడ్డూ చుట్టినట్లు గుండ్రంగా చుట్టాలి. మొదట కాస్త గట్టిగా, చివరకు అతి తేలికగా చుట్టాలి. వేలిముద్రలు పడితే వెంటనే సవరించాలి. ఇక్కడ ఒక్క నిమిషం శ్రద్ధ పెడితే తర్వాత గరుకు కాగితం పనిలో ఐదు నిమిషాలు మిగులుతాయి.

మూడో దశ: పువ్వులు పూయించడం

ఒకే రంగు పూస ఎవరైనా చేస్తారు. చేతిపనికి విలువ తెచ్చేది పూసలోని బొమ్మ. వెనిస్ గాజు పనివారు వాడిన ‘మిల్లెఫియోరి’ పద్ధతి ఇందులో ప్రధానం. ఆ మాటకు ‘వేయి పువ్వులు’ అని అర్థం. వేర్వేరు రంగుల కడ్డీలను పువ్వు ఆకారం వచ్చేలా పక్కపక్కన పేర్చి ఒక లావు కడ్డీ చేస్తారు. దాన్ని నలువైపులా సమంగా నొక్కుతూ సాగదీస్తే లోపలి పువ్వు చెడకుండా చిన్నదవుతుంది. ఆ కడ్డీని అడ్డంగా పలుచని బిళ్లలుగా కోస్తే ప్రతి బిళ్లలోనూ అదే పువ్వు కనిపిస్తుంది. బెండకాయను ఎక్కడ కోసినా అదే నక్షత్రం కనిపించినట్లు అనుకోవచ్చు. ఈ బిళ్లలను గుండుపై అతికించి మళ్లీ చుడితే పూల పూస సిద్ధం.

తంగేడు పసుపు, గునుగు గులాబీ రంగు, బంతి నారింజ మన బతుకమ్మకు సహజమైన రంగులు. పోచంపల్లి, పుట్టపాక ఇక్కత్ అంచుల నమూనాలు కూడా ఈ పద్ధతిలో సాధ్యమే. నగరంలో తయారయ్యే పూసకూ మన జిల్లా పూసకూ తేడా చూపగలిగేది ఇక్కడే.

నాలుగో దశ: బెజ్జం

కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా పాడుచేసేది ఈ దశలోనే. చుట్టిన వెంటనే ముద్ద వేడిగా, మెత్తగా ఉంటుంది. అప్పుడే సూది గుచ్చితే గుండు బల్లపరుపవుతుంది. ఒక పూట చల్లని చోట ఉంచి తర్వాత గుచ్చాలి. సూదిని నెట్టకూడదు, రెండు వేళ్ల మధ్య తిప్పుతూ దించాలి. అవతలి వైపు మొన కనిపించగానే తీసి, ఆ వైపు నుంచి మళ్లీ దించితే బెజ్జం అంచు చిట్లకుండా వస్తుంది. సన్న దారానికి సూది, లావు తాడుకు దబ్బనం వాడవచ్చు. కాల్చిన తర్వాత సన్నని బరమాతో తొలచడం మరో పద్ధతి.

ఐదో దశ: కాల్చడం

అన్ని దశల్లోకీ కీలకమైనది ఇదే. రకాన్ని బట్టి వేడి మారుతుంది. ఫిమో సాఫ్ట్‌కు 110 డిగ్రీల వద్ద 30 నిమిషాలు, స్కల్పీ ప్రీమోకు 135 డిగ్రీల వద్ద ప్రతి 6 మిల్లీమీటర్ల మందానికి 30 నిమిషాలు అన్నది తయారీదారుల సూచన. రెండు రకాలను కలిపి వాడితే ఏ వేడి పెట్టాలో తెలియక పూస చెడుతుంది కాబట్టి తొలినాళ్లలో ఒకే రకానికి కట్టుబడటం మేలు.

చిన్న ఒవెన్ల మీటపై ఉన్న అంకెను నమ్మడానికి లేదు. లోపలి అసలు వేడి దానికి ఇరవై డిగ్రీలు అటూ ఇటూ ఉండవచ్చు. లోపల పెట్టే ఉష్ణమాపకం కొనడం అదనపు ఖర్చు కాదు, అవసరమైన పెట్టుబడి. ముందుగా ఒవెన్‌ను పది పదిహేను నిమిషాలు వేడి చేసి, అంకె నిలకడగా ఉన్న తర్వాతే పూసలు లోపల పెట్టాలి. నేరుగా రేకుపై పెడితే అడుగు నొక్కుకుపోయి మెరుపు మచ్చ పడుతుంది. విసనకర్రలా మడతలు పెట్టిన దళసరి కాగితంపైనో, తీగకు గుచ్చి వేలాడదీసో, వంట సోడా పరిచిన పళ్లెంలోనో పెట్టాలి. పైనున్న కడ్డీ ఎర్రబడి సెగ నేరుగా తగిలితే పూస మాడుతుంది. కనుక పైన అల్యూమినియం రేకును గొడుగులా కప్పాలి.

గ్యాస్ పొయ్యి, పెనం, కుక్కర్, మైక్రోవేవ్ ఇందుకు పనికిరావు. వాటిలో వేడి అదుపులో ఉండదు. మధ్యలో కరెంటు పోతే కంగారు పడనవసరం లేదు. తలుపు తీయకుండా చల్లారనిచ్చి, కరెంటు వచ్చాక పూర్తి సమయం మళ్లీ కాల్చవచ్చు. తక్కువ వేడిలో కాలిన పూస చూడటానికి బాగానే ఉంటుంది గానీ నేలపై పడితే సుద్దముక్కలా విరుగుతుంది. అమ్మిన నెలకే విరిగే పూసతో పోయేది ఒక్క దండ డబ్బు కాదు, కొన్నవారి నమ్మకం.

ఆరో దశ: నీటిలో అరగదీయడం

కాల్చిన పూస మసకగా ఉంటుంది. దానికి మెరుపు రంగుతో రాదు, నునుపుతో వస్తుంది. గరుకు ఉపరితలంపై పడిన వెలుగు చెదిరిపోతుంది, నున్నని ఉపరితలంపై పడిన వెలుగు ఒకే దిశలో తిరిగివస్తుంది. అద్దం మెరుపు రహస్యం ఇంతే.

ఇందుకు వాటర్ పేపరు కావాలి. కార్లకు రంగులు వేసేవారు వాడేది ఇదే. ఆటోమొబైల్ రంగుల దుకాణాల్లో దొరుకుతుంది. వెనుక ముద్రించిన అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. 400తో మొదలుపెట్టి 600, 800, 1000 మీదుగా 1500 లేదా 2000 వరకు వెళ్లాలి. ప్రతి కాగితం అంతకు ముందరి కాగితం గీసిన గీతలను చెరిపేసి, తన సన్నని గీతలను మిగుల్చుతుంది. 400 తర్వాత నేరుగా 1500కు దూకితే లోతైన గీతలు అలాగే ఉండిపోతాయి. వాటిని ఎంత రుద్దినా పోవు.

గిన్నెడు నీటిలో ఒక చుక్క సబ్బు వేసి, కాగితాన్నీ పూసనూ నీటిలోనే ఉంచి తేలికగా గుండ్రంగా రుద్దాలి. పొడిగా రుద్దితే ప్లాస్టిక్ ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. పైగా కాగితం పూడుకుపోతుంది. కాగితం మార్చినప్పుడల్లా నీళ్లు మార్చి, పూసను కడగాలి. లేకుంటే పాత గరుకు రేణువు ఒక్కటి మిగిలినా కొత్త గీత పడుతుంది.

ఏడో దశ: మెరుగు

ఆరిన పూసను పాత జీన్స్ గుడ్డపై వేగంగా రుద్దితే సాన పట్టిన రాయిలా మెరుపు తేలుతుంది. అద్దం మెరుపు కోరుకునేవారు నూలు గుడ్డ చక్రం బిగించిన చిన్న మోటారును వాడతారు. పూసను చక్రానికి కింది భాగంలో, తేలికగా, కదుపుతూ తాకించాలి. ఒకేచోట ఉంచితే రాపిడి వేడికి గుంట పడుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి. జుట్టు ముడివేసుకుని, కొంగు బిగించుకున్నాకే మోటారు దగ్గర కూర్చోవాలి. దారానికి గుచ్చిన దండను చక్రం దగ్గరకు తీసుకురానేకూడదు.

శ్రమ తప్పించుకోవడానికి కొందరు గోళ్ల రంగు పూస్తారు. అందులోని ద్రావకం పూసను మెత్తబరుస్తుంది. కొద్ది వారాల్లోనే పూస జిగురుగా మారి బట్టలకు, మెడకు అంటుకుంటుంది. పూత వేయాలనుకుంటే నీటితో కలిసే ఆక్రిలిక్ వార్నిష్ రకాన్ని ముందుగా ఒక పూసపై పరీక్షించి వాడాలి.

లోపం ఎక్కడ?

పూస విరిగితే కాలడం చాలలేదని, గోధుమ రంగుకు తిరిగితే ఎక్కువ కాలిందని అర్థం. లోపల తెల్లని అర్ధచంద్రాకారపు మచ్చలు కనిపిస్తే ముద్దలో గాలి లేదా తేమ చిక్కుకుందని గ్రహించాలి. ఒకవైపు మాత్రమే రంగు మారితే సెగ నేరుగా తగిలినట్లు. మెరుగు పెట్టాక గీతలు తేలితే ఏదో ఒక కాగితం దశ తప్పిపోయినట్లు. ప్రతి విడతకూ వేడి, సమయం, రకం ఒక పుస్తకంలో రాసుకుంటే లోపం ఎక్కడుందో మరుసటిసారి ఇట్టే తెలుస్తుంది.

ఎండాకాలంలో జాగ్రత్త

ఉమ్మడి నల్లగొండలో వేసవి ఉష్ణోగ్రతలు 45 డిగ్రీలను తాకుతుంటాయి. రేకుల ఇంట్లో, ఎండలో నిలిపిన వాహనంలో ఉంచిన ముద్ద కాల్చకముందే పాక్షికంగా గట్టిపడుతుంది. అలాంటిది మళ్లీ పదునుకు రాదు. కాబట్టి వేసవిలో ఎక్కువ సరుకు నిల్వ చేయరాదు. ముద్దను చల్లని, చీకటి చోట పాలిథిన్ సంచిలో చుట్టి ఉంచాలి. గట్టి పారదర్శక ప్లాస్టిక్ డబ్బాల్లో నేరుగా ఉంచితే ముద్దలోని నూనె ఆ డబ్బానే కరిగిస్తుంది.

ఆరోగ్యం పట్ల అప్రమత్తత

సూచించిన వేడిలో కాల్చినంతవరకు పెద్ద ప్రమాదం లేదు. కానీ వేడి సుమారు 175 డిగ్రీలు దాటితే పీవీసీ విడిపోయి హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన వాయువు వెలువడుతుంది. అది కళ్లను, గొంతును మండిస్తుంది. పొగ వస్తే వెంటనే ఒవెన్ ఆపి, కిటికీలు తెరిచి, పిల్లలతో సహా అందరూ బయటకు రావాలి. ఈ పనికి విడిగా ఒక ఒవెన్ ఉండాలి. రొట్టె కాల్చే ఒవెన్‌లో పూసలు కాల్చడం మంచిది కాదు.

పూర్వం ఈ ముద్దల్లో వాడిన థాలేట్లు అనే రసాయనాలపై ఆందోళన వ్యక్తం కావడంతో 2008లో అమెరికా పిల్లల వస్తువుల్లో వాటిపై పరిమితులు విధించింది. ప్రధాన తయారీదారులు మిశ్రమాన్ని మార్చారు. అందువల్ల పేరూ ఊరూ లేని, ప్యాకెట్‌పై వివరాలు లేని చౌక ముద్దలకు దూరంగా ఉండాలి. పని మధ్యలో తినకూడదు, పని తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పసిపిల్లలకు పూసలు అందనీయరాదు. అరగదీసిన నీటిని మోరీలో పారబోయకుండా ఒక రాత్రి తేరనిచ్చి, గుడ్డతో వడగట్టి, అడుగున మిగిలిన పొడిని పొడి చెత్తలో వేయాలి. చెడిన పూసలను తగలబెట్టడం ఎంతమాత్రం తగదు.

లెక్క తేలితేనే లాభం

సాధారణంగా లభించే 57 గ్రాముల ముద్దతో 12 మిల్లీమీటర్ల పూసలు సుమారు 30 వస్తాయి. ఉదాహరణకు ముద్ద ధర రూ.200 అనుకుందాం. ఐదు పూసలు చెడితే మిగిలిన 25 పూసలకు ఒక్కొక్కటి రూ.8 పడుతుంది. ఒక దండకు 20 పాలిమర్ పూసలైతే రూ.160. మధ్యలో గుచ్చే చిన్నపూసలు, దారం, కొక్కేనికి రూ.40, కాగితాలు, కరెంటుకు రూ.20 కలిపితే సామగ్రి ఖర్చే రూ.220 అవుతుంది.

ఇక శ్రమ. ఒక్కో పూసకు అన్ని కాగితాలూ కలిపి ఐదు నిమిషాలు పట్టినా 20 పూసలకు వంద నిమిషాలు. చుట్టడం, గుచ్చడం, మెరుగు కలిపితే మూడు గంటలు. గంటకు రూ.60 కూలి కట్టుకుంటే రూ.180. మొత్తం రూ.400. దుకాణదారు అమ్మకం ధరలో 30 శాతం తీసుకుంటే, రూ.600కు అమ్ముడైన దండపై తయారీదారుకు చేతికొచ్చేది రూ.420 మాత్రమే. అంటే కూలి పోను మిగులు రూ.20. ఈ అంకెలు ఉదాహరణకు ఇచ్చినవే. ఎవరి ధరలు వారు వేసుకుని చూసుకోవాలి.

ఈ లెక్క చెప్పే నిజం ఒక్కటే. యంత్రంపై తయారై ఫ్యాన్సీ దుకాణాల్లో చౌకగా దొరికే ప్లాస్టిక్ దండలతో ధరలో పోటీ పడటం అసాధ్యం. చీర ముక్క తెచ్చి ఇస్తే దాని రంగుల్లోనే పూసలు చేసిపెట్టడం, ఇతరుల వద్ద దొరకని నమూనా చూపడం, విరిగితే మార్చి ఇస్తామన్న భరోసా కల్పించడం ద్వారానే చేతిపని నిలబడుతుంది. నేరుగా అమ్ముకుంటే దుకాణదారు వాటా మిగులుతుంది. రెండేళ్లకోసారి జరిగే దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల జాతర, మేళ్లచెరువు శివరాత్రి జాతర, జాన్‌పహాడ్ దర్గా ఉర్సు వంటివి జనం పెద్దఎత్తున తరలివచ్చే సందర్భాలు. అయితే జాతర కొనుగోలుదారు చౌక వస్తువును, పెళ్లి కొనుగోలుదారు నాణ్యమైన వస్తువును వెతుకుతారు. ఏది ఎక్కడ అమ్మాలో ముందే నిర్ణయించుకోవాలి.

డిపాజిట్ అడిగితే అనుమానించాల్సిందే

‘ఇంట్లో కూర్చుని పూసలు చేయండి, మేమే కొంటాం’ అంటూ ముందుగా డిపాజిట్ కట్టించుకునే ప్రకటనల పట్ల జాగ్రత్త వహించాలి. సరుకు ఇచ్చి, తయారైన పూసలు నాణ్యంగా లేవంటూ తిప్పికొట్టి, డబ్బుతో మాయమవడం ఇలాంటి మోసాల్లో పరిపాటి. పని ఇచ్చేవారు డబ్బు చెల్లించాలే తప్ప పని చేసేవారు ఎదురు చెల్లించడం ఏమిటన్న ప్రశ్న వేసుకుంటే చాలా నష్టం తప్పుతుంది. ఆన్‌లైన్‌లో డబ్బు పోగొట్టుకున్నవారు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి.

శిక్షణ కోరేవారికి బ్యాంకులు నిర్వహించే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు (ఆర్‌సెటి) ఉన్నాయి. కృత్రిమ ఆభరణాల తయారీ ఆ సంస్థల కోర్సుల్లో ఒకటి. శిక్షణ ఉచితం. చిన్న వ్యాపారాలకు ఉద్యం నమోదు కూడా ఉచితమే. దీనికి దళారులకు డబ్బు ఇవ్వనవసరం లేదు. ముద్ర పథకంలోని ‘శిశు’ విభాగం కింద రూ.50 వేల వరకు రుణం పొందే వీలుంది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలో కుమ్మరి, స్వర్ణకార, బొమ్మల తయారీ సహా 18 వృత్తులున్నాయి గానీ పాలిమర్ పూసల తయారీ విడిగా లేదన్నది గమనార్హం. సంఘంలో సభ్యులైన మహిళలు తలా ఒక ఒవెన్ కొనే బదులు నలుగురూ కలిసి ఒకటి కొని, ఒకరు చుట్టడం, ఒకరు కాల్చడం, ఇద్దరు మెరుగు పెట్టడం చొప్పున పని పంచుకుంటే పెట్టుబడి, నష్టభయం రెండూ తగ్గుతాయి.

రుణం తీసుకునే ముందు ఒకే ముద్ద కొని, పాతిక పూసలు చేసి, ఒక దండ గుచ్చి నెలరోజులు ధరించి చూడటం ఉత్తమం. చెమటకు రంగు దిగకుండా, కిందపడినా విరగకుండా, జిగురు పట్టకుండా ఆ దండ నిలిస్తే చేతికి పని వచ్చినట్లు. ఇరుగుపొరుగులో ముగ్గురు ధర అడిగి మరీ కొంటామంటే వ్యాపారానికీ పదును వచ్చినట్లే. అప్పుడు పెట్టిన పెట్టుబడికి దన్ను ఉంటుంది.